ఆపెయ్యమన్నది నేనే

మా ఉడత కళ్లు నిలకడగా లేవని మొదట కనిపెట్టింది నేనే. ఉడత అంటే మా చెల్లెలి కూతురు. బడిలో దానికి చక్కని పేరే ఉంది. కానీ నడక వచ్చిన రోజు నుంచీ దాని కాలు ఒకచోట నిలవదు కాబట్టి ఇంట్లో అందరికీ ఉడతే. అందరికీ అంటే ఇద్దరికి, వాళ్లమ్మకీ నాకూ.

నేను కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తాను. ముందు గదిలో ఫ్రేములు అమ్ముతారు. వెనక గదిలో అద్దాలను ఫ్రేముకి తగ్గట్టు అరగదీసి బిగించే పని నాది. పంతొమ్మిదేళ్లుగా అదే బల్ల, అదే దీపం, చేతివేళ్ల సందుల్లో అదే తెల్లటి పొడి. బడి వదలగానే ఉడత నా దగ్గరికి వచ్చి, వాళ్లమ్మ డ్యూటీ దిగేదాకా నా పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. కూర్చుంటుంది అని మాట వరసకి అంటున్నాను. ఎక్కుతుంది, దిగుతుంది, స్టూలు కిందకి దూరుతుంది, మళ్లీ ఎక్కుతుంది.

దానికి ఏడో ఏడు నిండాక ఒక సాయంత్రం, గోడకి ఉన్న అక్షరాల పట్టీ చదవమని సరదాగా అడిగాను. తల పూర్తిగా ఎడమవైపు తిప్పి, కంటి కొసల్లోంచి చదవడం మొదలుపెట్టింది.

"ఎదురుగా చూసి చదవవే."

"ఎదురుగా చూస్తే అక్షరాలన్నీ కలిసిపోతాయి పెద్దమ్మా."

గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పాను. నల్లగుడ్లు రెండూ సన్నగా అటూ ఇటూ ఊగుతున్నాయి, తక్కెడ ముల్లు నిలిచే ముందు ఊగినట్టు. నేను ఎంతసేపు పట్టుకున్నా ముల్లు నిలవలేదు. ఎప్పటి నుంచీ ఉందో తెలియదు. రెండు నిమిషాలు కుదురుగా ఉండని పిల్ల కళ్లలోకి ఎవరు మాత్రం అంతసేపు చూశారు? బోర్డు మీది వాక్యం సగమే ఎక్కించుకుంటోందని, చోటు వదిలి తిరుగుతోందని పంతులమ్మ రాసి పంపిన చీటీలు మూడు అప్పటికే మా ఇంట్లో ఉన్నాయి. అల్లరి అనుకున్నాం. తిట్టాం కూడా.

ఇక్కడ మా చెల్లెలి సంగతి చెప్పాలి. నాకంటే ఆరేళ్లు చిన్నది. గోదాములో పెట్టెలెత్తే పనిలో నడుం విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక నొప్పికి మాత్రలు రాసిచ్చారు. మూడు నెలలకని రాసిన మాత్రలు మూడేళ్లు నడిచాయి. నొప్పి పోయింది, మాత్ర పోలేదు. ఒక డాక్టరు రాయనంటే ఇంకో డాక్టరు, వాళ్లూ పసిగడితే వీధి మూల దొంగచాటుగా మాత్రలమ్మే మనిషి. నా ఉంగరం పోయినప్పుడు కూడా దాన్ని అనుమానించడానికి నాకు మనసొప్పలేదు. చివరికి ఎవరూ చెప్పకుండానే, ఒక వాన రోజు, తనంతట తానే వ్యసనం మాన్పించే క్లినిక్‌కి నడిచి వెళ్లింది. అక్కడ పొద్దున్నే ఏడింటికి కిటికీ తెరుస్తారు. చిన్న కప్పులో ఆకుపచ్చ సిరప్ పోస్తారు. నర్సు ఎదురుగానే తాగాలి, తాగాక ఏదో ఒక మాట మాట్లాడాలి, నోట్లో దాచుకోలేదని తెలియడానికి. ఆ సిరప్ మత్తెక్కించదు. ఒళ్లు పీకకుండా, మాత్రల మీదికి మనసు పోకుండా మనిషిని నిలబెడుతుంది. మా చెల్లెలు నిలబడింది. ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పని వెతుక్కుంది. వదిలేసి పోయిన భర్త తిరిగొచ్చాడు, ఉడత కడుపున పడింది, మళ్లీ వెళ్లిపోయాడు. ఈ కథలో అతని పని అంతే.

కడుపుతో ఉన్నప్పుడు సిరప్ మానేస్తానని చెల్లెలే డాక్టర్ని బతిమాలింది. "ఇప్పుడు ఆపితే నీకంటే ముందు లోపలి బిడ్డకి ప్రమాదం. ఆపొద్దు," అన్నాడు ఆయన. అలాగే తాగింది. బిడ్డ రెండు కిలోలకి కాస్త పైన పుట్టింది. రెండో రోజు నుంచి మొదలైంది. చెవిలో గుచ్చుకునే ఏడుపు, ఒళ్లంతా వణుకు, ఆగని తుమ్ములు, పట్టిన పాలు పట్టినట్టే కక్కడం. తల్లి నుంచి అందిన మందు ఒక్కసారిగా ఆగింది కదా, అందుకని చెప్పారు. చుక్కల లెక్కన మందు వేసి, రోజురోజుకీ తగ్గిస్తూ, ఇరవై మూడు రోజులు నర్సరీలో ఉంచారు. దీపాలు తగ్గించిన ఆ గదిలో నేనూ చెల్లెలూ వంతులవారీగా దాన్ని గుండెలకి అదుముకుని కూర్చున్నాం. చుట్టాలకి పచ్చకామెర్లని చెప్పాం. ఆ అబద్ధం నేను అల్లిందే. తర్వాత ఎక్కడ ఏ కాగితం నింపినా, గర్భంలో ఉండగా వాడిన మందులు అన్నచోట ‘ఏమీ లేవు’ అని నా చేతులతోనే రాశాను. ఏడేళ్లలో ఆ అబద్ధం మాకు ఇంట్లో మంచంలా, బీరువాలా అలవాటైపోయింది.

మేం వెళ్లిన కంటి డాక్టరు పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఉడతని గంటసేపు పరీక్ష చేసింది. నిజానికి అరగంట పరీక్ష, అరగంట దాన్ని కుర్చీలోకి రప్పించడం.

"కాన్పు కష్టమైందా? కడుపుతో ఉన్నప్పుడు మందులేమైనా వాడారా?" అని అడిగింది.

చెల్లెలు నా వైపు చూసింది. నోరు తెరిచింది కూడా. నేనే ముందు అందుకున్నాను. "లేదండీ. అంతా మామూలే."

డాక్టరు రాసుకుంది. "అయితే కారణం వెతకాలి. ఈ వణుకు కొందరికి పుట్టుకతో వస్తుంది, కొందరికి మెదడులో ఏదైనా ఉంటే వస్తుంది. మత్తిచ్చి స్కానింగ్ తీద్దాం. ఈ పిల్ల మత్తు లేకుండా కదలకుండా ఉండదు కదా."

మత్తు అన్న మాటకి చెల్లెలి ముఖం తెల్లబోయింది. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి, "అక్కా, చెప్పేద్దాం," అంది.

"చెప్పి ఏం చేస్తావు? రేపు బడికి తెలుస్తుంది. బడి నుంచి ఇంకెవరికో తెలుస్తుంది. నీ దగ్గర పిల్లని ఉంచొద్దంటే అప్పుడేం చేస్తాం?"

అది ఉడత చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. నేను భయంతోనే అన్నాను, అది నిజం. కానీ ఆ భయం ఎవరి గురించి అని ఇప్పుడు అడిగితే గట్టిగా చెప్పలేను. దుకాణంలో నా పరువు గురించి కూడా కొంత.

ఆ వారమంతా భోజనం దగ్గర కూడా ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నాను. అలాంటి సిరప్ తాగిన తల్లుల పిల్లల్లో కొందరికి కళ్లు వణుకుతాయనీ, మెల్ల వస్తుందనీ, కుదురు ఉండదనీ రాసి ఉంది. ‘కొందరికి’ అన్న మాట నా కళ్లు చదివాయి, మనసు చదవలేదు. ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో చెల్లెలు గిన్నెలు తోముతుంటే, ఆ ఫోన్ దాని ముఖం ముందు పెట్టాను.

"చూడు. ఇదంతా నీ సిరప్ వల్లే. ఎనిమిదేళ్లు దాటింది, ఇంకా ఎన్నాళ్లు తాగుతావు? మాత్రలకి బదులు సిరప్, పేరు మారింది అంతే. ఆ పిల్ల కళ్లు చూసైనా సిగ్గు పడవా? దాని మీద ప్రేముంటే ఆపెయ్."

నరం లేని నాలుక అంటారు కదా. చెల్లెలు చేతిలో గిన్నె కడగడం పూర్తి చేసింది, బోర్లించింది, చేతులు తుడుచుకుంది. ఫోన్ వైపు చూడలేదు. "సరే," అంది.

మర్నాటి నుంచి అది క్లినిక్‌కి వెళ్లలేదు. నాకు నాలుగో రోజున చెప్పింది. అప్పటికే ముఖమంతా చెమట, ఒంట్లో చలి, ఆవులింత మీద ఆవులింత, కాళ్లు మంచం మీద కొట్టుకుంటున్నాయి. నాకు జాలేసింది, కానీ గర్వంగా కూడా అనిపించింది. పళ్లరసాలు తీసిచ్చాను. కాళ్లు పట్టాను. "ఇంకెన్ని రోజులు, ఓర్చుకో, నువ్వు గట్టిదానివి," అన్నాను. ఉడత గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మకి జ్వరమా?" అని అడిగితే, "అమ్మ మంచి పని చేస్తోంది," అని చెప్పాను.

ఐదో రోజు క్లినిక్ నర్సు నాకు ఫోన్ చేసింది. ఇంట్లోవాళ్ల నంబరు అని నాదే రాసి ఉందట.

"మీ చెల్లెలు రావడం లేదు. ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఇక రాదు. మానేసింది."

"ఒక్కసారి తనతో మాట్లాడించండి. మానాలనుకుంటే తప్పు లేదు, కానీ ఇలా ఒక్కసారి..."

"నిద్రపోతోంది," అని పెట్టేశాను. చెల్లెలు నా ఎదురుగానే ఉంది.

తొమ్మిదో రోజుకి వణుకు తగ్గింది. పనికి వెళ్లింది. గండం గడిచిందనుకున్నాను. స్కానింగ్ తేదీ దగ్గరపడుతోంది. ఆ మాట ఎత్తితే చాలు, చెల్లెలు లేచి వేరే గదిలోకి వెళ్లిపోయేది. మాటలు తగ్గాయి, చూపు ఎక్కడో ఉండేది. నేను దాన్ని నీరసం అనుకున్నాను.

పదమూడో రోజు శనివారం. బడికి సెలవు, చెల్లెలికీ సెలవు. మధ్యాహ్నం మూడింటికి నేను ఒక ముసలాయన అద్దాలు బిగిస్తుంటే, ఉడత వెనక గదిలోకి వచ్చింది. ఒక్కతే వచ్చింది. రెండు వీధులు, ఒక పెద్ద రోడ్డు దాటి. దాని కాళ్లకి చెప్పుల్లేవు.

"పెద్దమ్మా, అమ్మ లేవట్లేదు. గురక పెడుతోంది. అమ్మ ఎప్పుడూ గురక పెట్టదు."

చేతిలో అద్దం ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. దుకాణంలో వాళ్లు అంబులెన్స్‌కి ఫోన్ చేస్తూనే ఉన్నారు, నేను పరుగెత్తాను. స్నానాల గది తలుపు పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది చెల్లెలు. తల ఛాతీ మీదికి వాలిపోయింది. గొంతులోంచి గురగురమని శబ్దం, ఆగి, చాలాసేపు ఆగి, మళ్లీ ఒకసారి. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. పక్కన నేల మీద కాగితం పొట్లం, అందులో మిగిలిన రెండు మాత్రలు. చెంపల మీద కొట్టాను, పేరు పెట్టి పిలిచాను, చిన్నప్పటి తిట్లన్నీ తిట్టాను. అంబులెన్స్‌లో వచ్చినతను ముక్కులో మాత్రల మత్తు విరిచే మందు కొట్టాడు. ఒకటి సరిపోలేదు, రెండోది కొట్టాడు. అప్పుడు మునిగి తేలినట్టు ఒక్కసారి ఊపిరి పీల్చింది. కళ్లు తెరిచి నన్ను చూసి, "దానికి చెప్పొద్దు," అంది. ఉడత గుమ్మంలోనే నిలబడి ఉంది, కదలకుండా. దాన్ని అంతసేపు కదలకుండా నేను చూసింది అదే మొదలు.

ఆసుపత్రిలో రెండో రోజు క్లినిక్ నర్సు వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. చెల్లెలితో కాసేపు మాట్లాడి, వరండాలోకి వచ్చి నా పక్కన కూర్చుంది.

"పదమూడు రోజులు ఆపేసరికి ఒళ్లు పాత అలవాటు మర్చిపోయింది. ఒకప్పుడు రోజూ మింగినన్ని మాత్రలే మింగింది. అప్పుడు ఏమీ కానివి ఇప్పుడు ప్రాణం తీయబోయాయి. మానేసిన కొత్తలోనే ఎక్కువమంది పోతారు. అందుకే ఫోన్ చేశాను." నా వైపు తిరిగి, "ఆపమని ఎవరు చెప్పారు?" అంది.

ఆవిడకి తెలిసే అడిగిందేమో. "నేనే," అన్నాను.

పర్వాలేదని అంటుందనుకున్నాను. అనలేదు.

"ఎనిమిదేళ్లకి పైగా నా కిటికీ దగ్గరికి వస్తోంది. వాన వచ్చినా, జ్వరం వచ్చినా, బిడ్డ చంకలో ఉన్నా. రాని రోజులు నాలుగైదు ఉంటాయేమో. మీరెప్పుడైనా తనతో వచ్చారా?"

రాలేదు. ఒక్క రోజు కూడా రాలేదు. ఆ వీధిలో నన్నెవరైనా చూస్తారని.

"మరి పిల్ల కళ్లు?" అని అడిగాను. నన్ను నేను సమర్థించుకోవడానికే అడిగాను.

"కావచ్చు. ఆ మందు తాగిన తల్లుల పిల్లల్లో కొందరికి కళ్ల ఇబ్బంది ఉంటుంది. కొందరికి చదువులో, కుదురులో. చాలామందికి ఏమీ ఉండదు. అది సిరప్ వల్లో, తక్కువ బరువుతో పుట్టడం వల్లో, అంతకు ముందు మింగిన మాత్రల వల్లో విడదీసి చెప్పగలిగినవాళ్లు లేరు. కానీ అప్పుడు సిరప్ ఆపి ఉంటే ఈ పిల్ల పుట్టేదో లేదో కూడా చెప్పలేం. అది మీ ఫోన్‌లో రాసి లేదా?"

రాసే ఉంది. అంతదాకా నేను చదవలేదు.

చెల్లెలు మళ్లీ సిరప్ మొదలుపెట్టింది, కొద్ది కొద్దిగా పెంచుతూ. నాతో ముక్తసరిగా మాట్లాడేది. స్కానింగ్‌కి రెండు రోజుల ముందు, కంటి డాక్టరు దగ్గరికి వెళ్దామని అదే అంది. అక్కడ నాకు కుర్చీ చూపించి, తను నిలబడే మాట్లాడింది.

"పోయినసారి మా అక్క చెప్పింది నిజం కాదు. కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ నేను మెథడోన్ సిరప్ తాగాను. నొప్పి మాత్రలకి అలవాటు పడ్డాను, దానికి వైద్యం. బిడ్డ ఇరవై మూడు రోజులు నర్సరీలో ఉంది. ఆ కాగితాలన్నీ తెచ్చాను."

ఆ కాగితాలు అది దాచిందని కూడా నాకు తెలియదు. డాక్టరు ఒక్కొక్కటీ చదివింది.

"ముందే చెప్పాల్సింది," అంది. గొంతు పెంచలేదు గానీ ముఖంలో చిరాకు దాగలేదు. "స్కానింగ్ అక్కర్లేదని ఇప్పుడే అనను. నరాల డాక్టరుతో మాట్లాడతాను. కానీ ఇంత తొందరగా పిల్లకి మత్తివ్వాల్సిన పని లేదు. చూపు కుడి కొసకి తిప్పితే వణుకు తగ్గుతోంది, అందుకే తల తిప్పుతోంది. తల తిప్పొద్దని ఎవరూ తిట్టకండి. బడిలో ముందు వరసలో, బోర్డు తనకి కుడివైపు ఉండేలా కూర్చోబెట్టమనండి. అద్దాలు రాస్తాను. వణుకు పోదు. చూపు కొంత మెరుగవుతుంది."

"కుదురు సంగతి?" చెల్లెలు అడిగింది.

"అది చూసేవాళ్లు వేరే ఉన్నారు, పంపిస్తాను. అమ్మా, ఒక మాట. వాళ్లు కూడా ఇదే ప్రశ్న అడుగుతారు."

"చెప్తాను," అంది చెల్లెలు.

చెప్పింది. బడిలో కూడా చెప్పింది. పంతులమ్మ మంచిదే, కానీ మాట ఎలా పాకిందో పాకింది. ఒకామె తన కూతుర్ని ఉడత పక్కన కూర్చోబెట్టవద్దని అడిగిందట. పిల్లల సంక్షేమం చూసే అధికారి ఒకామె ఇంటికి వచ్చి మంచాలు, వంటిల్లు, మందుల అర చూసి, కాగితాలు రాసుకుని వెళ్లింది. ఆర్నెల్లపాటు నెలకోసారి వచ్చేది. నేను భయపడ్డవన్నీ కొంత కొంత జరిగాయి. పిల్లని మాత్రం ఎవరూ తీసుకుపోలేదు.

ఉడత అద్దాలు నేనే అరగదీశాను. నా జన్మలో ఏ అద్దానికీ అంతసేపు తీసుకోలేదు. పెట్టుకున్నాక అది గోడ మీది పట్టీలో ఇంకో రెండు వరసలు చదివింది. తల ఇప్పటికీ తిప్పే చదువుతుంది. లెక్కలు నోటితో అడిగితే టకటకా చెబుతుంది, రాయమంటే పేజీ సగంలో లేచి పోతుంది.

ఒక సాయంత్రం మేం ముగ్గురమే ఉండగా, అద్దాలు తుడుచుకుంటూ వాళ్లమ్మని అడిగింది. "నా కళ్లు ఎందుకు ఆడతాయి?"

నేను మాట మార్చబోయాను. చెల్లెలు చేత్తోనే నన్ను ఆపింది.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు నేను ఒక మందు తాగాను. తాగకపోతే నీకు ఇంకా ప్రమాదమన్నారు. అది నీకు కూడా అందింది. దానివల్ల కావచ్చు, కాకపోవచ్చు. ఎవరికీ సరిగ్గా తెలియదు."

"అయితే నాకు కూడా ఆ మందు అలవాటైందా?"

"అయింది. పుట్టాక ఇరవై మూడు రోజుల్లో మాన్పించారు."

ఉడత అద్దాలు తుడవడం ఆపింది. "నేను ఇరవై మూడు రోజుల్లో మానేశా కదా. నువ్వెందుకు ఇంకా మానలేదు?"

చెల్లెలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నాకు ఇంకా పడుతుంది. డాక్టర్లు చెప్పినప్పుడు, వాళ్లు చెప్పినట్టే మానాలి. నా అంతట నేను మానితే ఏమైందో చూశావు కదా."

"చూశాను," అంది ఉడత, అద్దాలు పెట్టుకుంటూ.

చూసింది కాబట్టే, ఇప్పుడు వాళ్లమ్మ పగటిపూట నడుం వాలిస్తే చాలు, ఆట వదిలి వస్తుంది. ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి చూస్తుంది. ఒక్కోసారి ఊరికే లేపేస్తుంది. "ఏంటే?" అంటే, "ఏం లేదు, పడుకో," అంటుంది. రోజుకి ఎన్నిసార్లో. కళ్లకి నేను అద్దాలు చేయగలిగాను. దీనికి ఏం చేయాలో నాకు తెలియదు. ఈ భయం సిరప్ పెట్టింది కాదు, నేను పెట్టింది.

క్షమించమని చెల్లెల్ని ఒకసారి అడిగాను. ఇద్దరం తాడు మీద ఆరిన దుప్పట్లు తీస్తున్నాం. అది దుప్పటి రెండో కొస నా చేతికిచ్చి, నా వైపు చూడకుండానే అంది. "నువ్వన్న మాటలన్నీ ఏడేళ్లుగా నన్ను నేను అనుకుంటున్నవే అక్కా. రోజూ పొద్దున కప్పు ఎత్తేటప్పుడు అనుకునేదాన్ని. అయినా ఎత్తి తాగేదాన్ని. నీ నోటి నుంచి కూడా అవే వినేసరికి, ఇక అదే నిజమేమో అనుకున్నాను."

"కాదని ఇప్పుడు చెప్తున్నాను."

"చెప్తూ ఉండు," అంది. "ఒక్కసారి చెప్తే సరిపోదు."